పాత పిక్సెల్ కొని గ్రాఫీన్ఓఎస్ ఎక్కించుకోవడం ఎలా: దుకాణంలో చూడాల్సినవి, ఇంటికొచ్చాక చేయాల్సినవి

మొన్న వేసవిలో మా పిన్ని కొడుకు ఒక లోన్ యాప్‌లో ఎనిమిది వేలు తీసుకున్నాడు. యాప్ పెట్టేటప్పుడు కాంటాక్ట్స్ చూడనివ్వమని అడిగితే సరేనని నొక్కేశాడు, మనమందరం నొక్కేదే కదా. వాయిదా నాలుగు రోజులు ఆలస్యమయ్యేసరికి వాడి ఫోన్‌లో ఉన్న ప్రతి నంబరుకీ ఫోన్లు మొదలయ్యాయి. నాకు వచ్చింది, పాతపట్నంలో వాళ్ళ మామగారికి వచ్చింది, ఆఖరికి పాలు పోసే ఆవిడకి కూడా వచ్చింది. పెళ్ళయి ఆరు నెలలు కాలేదు, వాడు రెండు వారాలు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ రోజు నుంచి ఎవరైనా నాతో "మనకి దాచుకోడానికి ఏముందండీ" అంటే నేను ఊరుకోవడం లేదు. ఫోన్‌లో ఉన్నది మన ఒక్కళ్ళ వివరాలు కావు, మనల్ని నమ్మి నంబరు ఇచ్చిన వాళ్ళందరివీ.

నేను ఉండేది పర్లాకిమిడిలో. మాకైనా, గుణుపురం, రాయగడ, జయపురం వైపు వాళ్ళకైనా ఫోన్ అంటే ఊళ్ళో దుకాణం, కాదంటే బరంపురం, ఇంకా కాదంటే విశాఖ. అక్కడ ఏది బాగుందనిపిస్తే అది కొనేసి, ఇంటికొచ్చాక దీనికి ప్రైవసీ ఉన్న ఓఎస్ (ఫోన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతాం. ఈ వరస తిరగేయాలి. ముందు ఏ ఓఎస్ కావాలో తేల్చుకోండి, అది ఏయే ఫోన్లలో నడుస్తుందో చూడండి, ఆ జాబితాలో ఉన్న ఫోనే కొనండి. నేను ఎంచుకున్నది గ్రాఫీన్ఓఎస్, ఆండ్రాయిడ్‌నే ప్రైవసీ, భద్రత కోసం గట్టిపరిచి చేసిన ఓఎస్; దాని జాబితాలో ఉన్నవి గూగుల్ వాళ్ళ పిక్సెల్ ఫోన్లు. చేతిలో ఉన్న ఫోన్‌కి ఓఎస్ వెతికి నేను ఏడాది పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందుగా: ఏ ఫోన్ పడితే ఆ ఫోన్ ఎందుకు పనికిరాదో తెలుసుకోండి

కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ గుచ్చి లినక్స్ లాంటి వేరే ఓఎస్ ఎక్కించేస్తాం, దాదాపు ఏ కంప్యూటర్లో అయినా అయిపోతుంది. ఫోన్‌లో అలా కుదరదు. పవర్ బటన్ నొక్కగానే ముందు లేచేది బూట్‌లోడర్, అది తన కంపెనీ సంతకం ఉన్న ఓఎస్‌నే లోపలికి రానిస్తుంది. ఆ తాళం తీయడానికి కంపెనీ ఒప్పుకోవాలి. వివో అధికారికంగా తీయనివ్వదు. షావోమీ వాళ్ళు అకౌంట్ కలిపి 168 గంటలు ఆగమనేవారు, వాళ్ళ కొత్త ఓఎస్ హైపర్ఓఎస్ వచ్చాక షరతులు ఇంకా పెరిగాయి. శామ్‌సంగ్‌లో తాళం తీసి వేరే ఓఎస్ ఎక్కిస్తే లోపల నాక్స్ అనే ఫ్యూజ్ శాశ్వతంగా మారిపోతుంది, మళ్ళీ కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టినా అది తిరిగి రాదు.

తాళం తీయడం ఒక ఎత్తు, పని అయ్యాక మళ్ళీ వేయగలగడం ఇంకో ఎత్తు. నాకు తెలిసి ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. తాళం తీసే ఉంచిన ఫోన్ ఎవరి చేతికైనా పది నిమిషాలు దొరికితే మీకు తెలియకుండా అందులో ఓఎస్ మార్చేయొచ్చు. లీనియేజ్ఓఎస్ చాలా మంచి ప్రాజెక్టు, 2016 చివర్లో సయనోజెన్‌మాడ్ మూతపడ్డాక దాని వాళ్ళే మొదలుపెట్టారు, వందకు పైగా మోడళ్ళలో నడుస్తుంది, కానీ చాలా ఫోన్లలో తాళం తెరిచే ఉంచాల్సి వస్తుంది. పిక్సెల్ ఫోన్లు మాత్రం బయటి ఓఎస్ తాళంచెవిని కూడా లోపల భద్రపరుచుకుని, ఆ చెవితోనే మళ్ళీ తాళం వేసుకోనిస్తాయి. ఆ తర్వాత ఆన్ చేసిన ప్రతిసారీ ఓఎస్‌లో ఒక్క అక్షరం మారినా పట్టుకుంటాయి.

ఇంకోటి, ఫోన్‌లో మోడెమ్, గ్రాఫిక్స్, కెమెరా లాంటి వాటికి విడిగా ఫర్మ్‌వేర్, అంటే ఆ భాగాల్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఉంటుంది. దానిలో కన్నాలు పడితే పూడ్చాల్సింది తయారుచేసిన కంపెనీయే, బయటి ఓఎస్ వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా ఏమీ చేయలేరు. అందుకే కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ నడుస్తోందంటే సంతోషించాల్సిందే కానీ, అది భద్రంగా ఉందని అనుకోకండి.

పిక్సెల్ 6 నుంచి టైటాన్ ఎం2 అనే విడి చిప్ ఉంటుంది. పిన్ తప్పు కొట్టేకొద్దీ అది ఆలస్యం పెంచుకుంటూ పోతుంది, ఫోన్ ఎత్తుకెళ్ళిన వాడు లక్షల పిన్‌లు వరసగా కొట్టి చూడడం అవ్వని పని. ఎవరూ ఊహించలేని ఆరంకెల పిన్ చాలు, పుట్టిన తేదీ మాత్రం పెట్టకండి. పిక్సెల్ 8 నుంచి మెమరీ ట్యాగింగ్ అనే సదుపాయం ప్రాసెసర్‌లోనే ఉంది, మెమరీలో పొరపాట్లు వాడుకుని చొరబడే దాడుల్ని చాలావరకు అది ఆపుతుంది. గ్రాఫీన్ఓఎస్ దాన్ని బాగా వాడుకుంటుంది. ఈ కారణాలన్నిటి వల్లే గ్రాఫీన్ఓఎస్ వాళ్ళు ఇన్నేళ్ళుగా పిక్సెళ్ళ మీదే పనిచేస్తూ వచ్చారు. గూగుల్ నుంచి దూరం జరగడానికి గూగుల్ ఫోనే కొనడమేంటని మా బావగారు అడిగారు, చాలామందికి వచ్చే ప్రశ్నే. నేను చెప్పేది ఒకటే, తాళంచెవి మన చేతికి ఇచ్చే తలుపు ఎవరు చేసినా దాన్నే కొనుక్కోవాలి.

మోడల్ ఎంచుకోవడం

మన దేశంలో అధికారికంగా అమ్మిన పిక్సెళ్ళలో 6ఏ, 7, 7ఏ, 8, 8ఏ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. గూగుల్ అప్‌డేట్లు 6ఏకి 2027 జూలై దాకా, 7కి 2027 అక్టోబరు దాకా, 7ఏకి 2028 మే దాకా, 8కి 2030 అక్టోబరు దాకా, 8ఏకి 2031 మే దాకా. 8 నుంచి ఏడేళ్ళు ఇస్తున్నారు కాబట్టి ఆ తేడా. రెండు మూడు నెలలు ఆగి ఇంకాస్త డబ్బు పోగేసుకోగలిగితే 8ఏ తీసుకోండి, నా సలహా అదే. 6ఏ చవగ్గా దొరికిందని ఎగబడే ముందు బ్యాటరీ సంగతి గుర్తుంచుకోండి: 400 ఛార్జింగ్ సైకిళ్ళు దాటినవి వేడెక్కే ప్రమాదం ఉందని 2025 జూలైలో గూగుల్ ఒక అప్‌డేట్ పంపి వాటి బ్యాటరీ సామర్థ్యం తగ్గించింది.

పిక్సెల్ వద్దు, ఇంట్లో పాతది పడుంది, దాంతోనే ఏదో ఒకటి చేద్దామంటే లీనియేజ్ఓఎస్ వైపు వెళ్ళండి. అమ్మే పేరు చూసి కాదు, ఆ మోడల్‌కి లోపల వాడే కోడ్ పేరు చూసి సరిపోల్చుకోవాలి: పోకో ఎఫ్1 అయితే బెరీలియం, వన్‌ప్లస్ 6 అయితే ఎంచిలాడా. ఒకే పేరుతో అమ్మిన ఫోన్లలో రెండు మూడు రకాలుంటాయి, తప్పు ఫైలు ఎక్కిస్తే ఫోన్ లేవదు. ఉబుంటు టచ్, పోస్ట్‌మార్కెట్ఓఎస్ లాంటి అసలైన లినక్స్ ఓఎస్‌ల మీద మోజున్నవాళ్ళు ఒక్క విషయం చూసుకోండి, ఆ ఓఎస్‌తో ఫోన్‌లో వీఓఎల్టీఈ (4జీ మీద ఫోన్ మాట్లాడే సదుపాయం) పనిచేస్తుందా లేదా. జియోకి 2జీ, 3జీ లేవు, మాటలన్నీ 4జీ, 5జీ మీదే వెళ్తాయి. వీఓఎల్టీఈ లేని ఫోన్‌లో జియో సిమ్ వేస్తే ఇంటర్నెట్ వస్తుంది, అమ్మ ఫోన్ చేస్తే మాత్రం మోగదు.

దుకాణంలో: డబ్బు తీయకముందు

ఇక్కడ తొందరపడకండి. నేను పడ్డాను. బరంపురంలో ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో పిక్సెల్ 6 చూశాను, గీత కూడా లేదు, ధర చెప్పగానే చేయి జేబులోకి వెళ్ళిపోయింది. ఆ మోడల్ మన దేశంలో అధికారికంగా అమ్మలేదు, అంటే బయటి నుంచి వచ్చిందే, అది నాకు తెలుసు కూడా. "బూట్‌లోడర్ అన్‌లాక్ అవుతుందా" అని అడిగితే "ఏటవుద్దండి, ఏటీ అవ్వదు, మంచి ఫోను" అన్నాడు. అతనికి నేను అడిగింది అర్థం కాలేదు, అతను చెప్పింది నాకు కావలసినట్టు నేను అర్థం చేసుకున్నాను. ఇంటికొచ్చి సెట్టింగ్స్ తెరిస్తే ఓఈఎం అన్‌లాకింగ్ అనే వరస, బూట్‌లోడర్ తాళం తీయనిచ్చేది, బూడిద రంగులో ఉంది. ఎన్నిసార్లు నొక్కినా ఆ చిన్న స్విచ్ కదల్లేదు. రీసెట్ చేశాను, వైఫై పెట్టాను, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచి పొద్దున్నే మళ్ళీ నొక్కాను. అమెరికాలో కొన్ని టెలికాం కంపెనీలు తమ ద్వారా అమ్మిన పిక్సెళ్ళకి ఆ తాళం ఎప్పటికీ తీయకుండా చేస్తాయి, నాది వాటిలో ఒకటి. దుకాణంలో వెనక్కి తీసుకోలేదు.

అందుకని మీరు అక్కడే నిలబడి ఇవి చేయండి.

డయలర్‌లో *#06# కొడితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. మీ ఫోన్ నుంచి ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కేవైఎం (KYM) అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి ఆ 15 అంకెలు వేసి 14422కి మెసేజ్ పంపండి. దొంగ ఫోన్ అని బ్లాక్ చేసి ఉంటే తెలుస్తుంది, మోడల్ పేరు సరిపోయిందో లేదో కూడా చూసుకోవచ్చు.

తర్వాత మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఆ పిక్సెల్‌ని దానికి కలపండి, ఎందుకంటే ఆ ఫోన్ ఎవరి ద్వారా అమ్ముడైందో అది నెట్ ద్వారా సరిచూసుకున్నాకే స్విచ్ వదులుతుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్ళి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి. వెనక్కి వచ్చి సిస్టమ్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేయండి. స్విచ్ కదిలిందా, కొనొచ్చు. కదల్లేదా, ఫోన్ బల్ల మీద పెట్టి నమస్కారం చెప్పి వచ్చేయండి, ఎంత తగ్గించి ఇస్తానన్నా సరే. 6ఏ ఒక్కదానికి మినహాయింపు ఉంది: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వెర్షన్‌తోనే ఉంటే స్విచ్ పనిచేయదు, 2022 జూన్ లేదా ఆ తర్వాతి అప్‌డేట్ వేసి రీసెట్ చేశాక పనిచేస్తుంది. అమ్మేవాళ్ళని అది చేయమనండి, చేసి చూపించాకే డబ్బు ఇవ్వండి.

అబౌట్ ఫోన్‌లోనే బ్యాటరీ సమాచారం కనిపిస్తే ఎన్ని సైకిళ్ళు అయ్యాయో చూడండి. వెనక గ్లాసు కొంచెం పైకి లేచినట్టుంటే బ్యాటరీ ఉబ్బినట్టే, వదిలేయండి. పాత యజమాని గూగుల్ అకౌంట్ తీసేయించి మీ కళ్ళ ముందే రీసెట్ చేయించుకోండి.

ఎక్కించడం

దీనికి ఒక కంప్యూటర్, ఒక డేటా కేబుల్, నెట్ చాలు. నేను ల్యాప్‌టాప్‌తోనే చేయమంటాను, మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, సగంలో ఆగితే టెన్షన్. కంప్యూటర్ లేనివాళ్ళు ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్‌తో కూడా చేయొచ్చు. కేబుల్ విషయంలో జాగ్రత్త, చవక కేబుళ్ళలో ఛార్జింగ్ మాత్రమే వెళ్తుంది, డేటా వెళ్ళదు. ముందు ఆ కేబుల్‌తో ఒక ఫొటో ఫోన్ నుంచి కంప్యూటర్‌కి ఎక్కించి చూడండి, ఎక్కిందంటే పనికొస్తుంది. యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. కంప్యూటర్లో కనీసం 32 జీబీ ఖాళీ ఉండాలి. బ్రౌజర్ క్రోమ్, ఎడ్జ్ లేదా బ్రేవ్ అయి ఉండాలి, ఫైర్‌ఫాక్స్‌లో ఇది నడవదు, యూఎస్‌బీని బ్రౌజర్ నుంచి వాడే సదుపాయం అందులో లేదు. ఇన్‌కాగ్నిటో విండో వద్దు.

ఫోన్‌కి వచ్చిన అప్‌డేట్లన్నీ ముందు వేసేయండి. ఫోన్‌లో ఏమైనా ఉంటే తీసి పెట్టుకోండి, ఎందుకంటే తాళం తీసినప్పుడు ఒకసారి, వేసినప్పుడు మరోసారి మొత్తం చెరిగిపోతుంది. గ్రాఫీన్ఓఎస్ అధికారిక సైటు గ్రాఫీన్ఓఎస్ డాట్ ఓఆర్‌జీ (grapheneos.org), దానిలోనే వెబ్ ఇన్‌స్టాలర్ ఉంది. వేరే ఎవరో పెట్టిన ఫైలు, గ్రూపులో వచ్చిన లింకు ముట్టుకోకండి.

ఫోన్ రీస్టార్ట్ చేస్తూ వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కి పట్టుకోండి. ఎర్ర త్రికోణంతో ఫాస్ట్‌బూట్ మోడ్ అని వస్తుంది. అక్కడ పవర్ బటన్ నొక్కకండి, నొక్కితే మామూలుగా లేచిపోతుంది. ఇప్పుడు కేబుల్ గుచ్చండి. విండోస్‌లో ఫోన్ కనిపించకపోతే విండోస్ అప్‌డేట్‌లో ఐచ్ఛిక డ్రైవర్ల దగ్గర ఆండ్రాయిడ్ పేరుతో ఒకటి ఉంటుంది, అది వేసి మళ్ళీ చూడండి. సైటులో అన్‌లాక్ బటన్ నొక్కాక ఫోన్ తెర మీద నిజంగానే తీయమంటారా అని అడుగుతుంది, వాల్యూమ్ బటన్‌తో అవును దగ్గరికి వెళ్ళి పవర్ బటన్‌తో ఒప్పుకోండి.

తర్వాత డౌన్‌లోడ్ బటన్. ఫైలు జీబీ పైనే ఉంటుంది, మొబైల్ డేటా రోజు కోటాలో సగం అయిపోయి ఉంటే ఆ రోజు మొదలుపెట్టకండి. అది దిగాక ఫ్లాష్ బటన్, ఓఎస్‌ని ఫోన్‌లోకి ఎక్కించేది ఇదే. ఇక్కడి నుంచి ఫోన్ తనంతట తను రెండు మూడుసార్లు ఆరి వెలుగుతుంది, తెర నల్లగా అయిపోయి అలాగే ఉంటుంది, చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు కేబుల్ కదులుతుందని ఫోన్‌ని దిండు మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని కూర్చున్నాను, ఫ్యాన్ గాలికి కూడా భయమేసింది. మీరూ అదే చేయండి. బ్రౌజర్‌లో పూర్తయిందని రాసే దాకా ఏ బటన్ ముట్టుకోవద్దు.

ఆఖరున లాక్ బటన్. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, ఓఎస్ వచ్చేసింది కదా అని. ఇంతవరకు చెప్పుకున్న రక్షణంతా ఈ తాళంతోనే ఉంది, వేయకపోతే పిక్సెల్ కొన్న ఫలితం లేదు. వేశాక ఆన్ చేస్తే పసుపు గుర్తుతో వేరే ఓఎస్ లోడ్ అవుతోందన్న హెచ్చరిక వస్తుంది, కింద కొన్ని అంకెలు, అక్షరాలు ఉంటాయి. అది తప్పు కాదు, అలాగే రావాలి. ఆ అక్షరాలు సైటులో మీ మోడల్‌కి ఇచ్చిన వాటితో పోల్చి చూసుకోండి. నారింజ రంగు హెచ్చరిక వస్తే మాత్రం తాళం పడలేదని అర్థం. మొదటి సెటప్‌లోనే ఓఈఎం అన్‌లాకింగ్ ఆపేయమంటుంది, ఆపేయండి.

ఎక్కించాక

గూగుల్ ప్లే కావాలంటే గ్రాఫీన్ఓఎస్ యాప్ స్టోర్‌లోనే దొరుకుతుంది. తేడా ఏంటంటే ఇక్కడ అది మామూలు యాప్‌లాగే ఉంటుంది, ఫోన్ మీద పెత్తనం ఉండదు, మీరు ఇచ్చినంతే దానికి అందుతుంది.

సిమ్ వేశాక మా సరిహద్దు ఊళ్ళ వాళ్ళకి ఒక తిప్పలు ఉంది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్రా టెలికాం సర్కిల్. ఇటు ఒడిశా సర్కిల్. కొన్ని సిమ్‌లకి అవతలి టవర్ తగిలితే రోమింగ్ అని చూపించి నెట్ ఆగిపోతుంది. సిమ్ సెట్టింగ్స్‌లో రోమింగ్ స్విచ్ ఆన్ చేయండి, దేశం లోపల దానికి విడిగా డబ్బు పడదు.

తెలుగు టైపింగ్‌కి ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్‌లో ఇండిక్ కీబోర్డ్ ఉంది, తెలుగు, ఒడియా రెండూ దానిలోనే ఉన్నాయి. ఆఫీసులో ఒడియా, ఇంట్లో తెలుగు రాసే మనకి అది బాగా పనికొస్తుంది. గూగుల్ వాళ్ళ జీబోర్డే అలవాటైతే పెట్టుకోండి, కానీ పెట్టేటప్పుడు నెట్‌వర్క్ అనుమతి తీసేయండి. యాప్‌కి ఇంటర్నెట్టే ఇవ్వకుండా ఉండడం ఈ ఓఎస్‌లో ఒక్క స్విచ్ పని, మనం కొట్టే ప్రతి అక్షరం చూసే కీబోర్డ్‌కి అది తప్పక చేయాల్సినది.

బ్యాంకు యాప్‌ల సంగతి తేల్చుకోకుండా పాత ఫోన్ ఎవరికీ ఇవ్వకండి. కొన్ని బ్యాంకుల యాప్‌లు గూగుల్ ధ్రువీకరించిన ఓఎస్ అయితేనే తెరుచుకుంటాయి, వాటి మీద మన మాట చెల్లదు. ముందు మీ బ్యాంకు యాప్ ఒకటి పెట్టి చూడండి. తెరవగానే మూసుకుపోతుంటే ఆ యాప్ సమాచారంలో ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్ కంపాటిబిలిటీ మోడ్ అని ఉంటుంది, ఆ ఒక్క యాప్‌కే ఆన్ చేసి మళ్ళీ ప్రయత్నించండి. యూపీఐ రిజిస్ట్రేషన్‌కి ఆ సిమ్ నుంచే మెసేజ్ వెళ్ళాలి కాబట్టి సిమ్ మార్చే రోజు సంత రోజు కాకుండా చూసుకోండి. ఫోన్‌ని మెషీన్‌కి ఆనించి చెల్లించే గూగుల్ పే పద్ధతి ఇక్కడ నడవదు. ఏదీ కుదరని రోజుకి డయలర్‌లో *99# కొట్టి బ్యాంకు నుంచి డబ్బు పంపే దారి ఉంది, నెట్ అక్కర్లేదు, ఒకసారికి ఐదు వేల దాకా పంపొచ్చు.

ఇక మొదట చెప్పిన కాంటాక్ట్స్ విషయం. ఏ యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగినప్పుడు గ్రాఫీన్ఓఎస్‌లో కాంటాక్ట్ స్కోప్స్ అనే దారి ఉంది. అది ఆన్ చేస్తే యాప్ తనకి అనుమతి దొరికిందనే అనుకుంటుంది, లోపల చూస్తే ఖాళీ పుస్తకం. మీకు కావాలంటే ఇద్దరి ముగ్గురి పేర్లు మాత్రమే దానికి చూపించొచ్చు. ఫొటోలకీ, ఫైళ్ళకీ స్టోరేజ్ స్కోప్స్ అని ఇలాంటిదే ఉంది. పోయిన నెల మా తమ్ముడికి 7ఏ కొని ఎక్కించి ఇచ్చాను. వాడు మొదట చేసింది ఇదే, నాతో మాట్లాడకుండా ఒక్కొక్క యాప్ తెరుచుకుంటూ అన్నిటికీ ఖాళీ పుస్తకం ఇచ్చుకుంటూ పోయాడు. వాళ్ళావిడ పక్కనే కూర్చుని తన ఫోన్‌కి కూడా చేయమని అడిగింది. తనది వివో. దాన్లో కుదరదమ్మా అని, అనుమతుల పేజీ తెరిచి కాంటాక్ట్స్ అక్కర్లేని యాప్‌లన్నిటికీ తీసేయడం చూపించాను. ఇరవై మూడు యాప్‌లకి తీసేశాం. పిక్సెల్ కొనే దాకా మీ ఫోన్‌లో కూడా ఈ పని ఇవాళే చేయొచ్చు.

రెండు వారాలు రెండు ఫోన్లూ దగ్గర పెట్టుకుని, బ్యాంకు, గ్యాస్ బుకింగ్, పిల్లల స్కూలు యాప్ అన్నీ కొత్తదాన్లో నడుస్తున్నాయని తేలాక పాతదాన్లోంచి గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాత రీసెట్ చేయండి. అకౌంట్ తీయకుండా రీసెట్ చేసి ఇస్తే తీసుకున్నవాళ్ళని అది మీ పాస్‌వర్డ్ అడిగే అవకాశం ఉంది. గ్రాఫీన్ఓఎస్ నచ్చక వెనక్కి వెళ్ళాలనుకున్నా దారి మూసుకుపోలేదు: అదే సైటులో చెప్పిన పద్ధతిలో ముందు లోపలి తాళంచెవి తీసేసి, గూగుల్ ఆండ్రాయిడ్ ఫ్లాష్ టూల్‌తో పాత ఓఎస్ ఎక్కించుకోవచ్చు. దానికీ అదే కేబుల్, అదే ల్యాప్‌టాప్ సరిపోతాయి.